నోరులేని రోగి



పోయిన నెలలో ఒక ఆదివారం. కొల్లూరు దేవాలయంలో రెండవ దివ్యపూజ ముగిసింది. జనం వెళ్ళిపోయారు. వరండాలో ఒక కుటుంబం మాత్రం నిలబడి ఉంది. తండ్రి లంకలో అరటి, పసుపు పండించే రైతు. తల్లి మన మరియదళంలో సభ్యురాలు. వారి వెనుక తలవంచుకొని వారి కుమార్తె. ఈ బిడ్డకు నూతన సత్ప్రసాదం ఇచ్చినప్పటి గురువులు ఇప్పుడు లేరు గాని, ఆమె ఎం.బి.బి.ఎస్.లో చేరిన రోజున పూజ పెట్టించుకొన్నది నా చేతనే.

"ఫాదరుగారూ, మీరైనా దీనికి చెప్పండి" అన్నాడు తండ్రి. విషయం ఏమంటే, అమ్మాయి ఎం.బి.బి.ఎస్. పూర్తి చేసింది. పైచదువుకు రాసిన పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. స్కానింగులు చూసే రేడియాలజీ దొరికేలా ఉందని, లేదంటే చర్మవ్యాధుల శాఖ అయినా వస్తుందని తెలిసినవాళ్ళు చెప్పారట. ఈమె మాత్రం పిల్లల డాక్టరునే అవుతానని పట్టుబట్టింది.

"రాత్రి రెండు గంటలకు ఎవరి బిడ్డ ఏడ్చినా తలుపు కొడతారండీ. రేపు పెళ్ళయితే అత్తగారింట్లో ఊరుకుంటారా? బిడ్డకు జరగరానిది జరిగితే డాక్టరు మీదికే వస్తున్నారు. చదివించడానికి చేసిన అప్పు ఇంకా తీరనే లేదు" అని తల్లి కళ్ళు తుడుచుకొంది.

నిజం చెబుతున్నాను. ఆ క్షణంలో నా మనసు తల్లిదండ్రుల వైపే మొగ్గింది. వాళ్ళు చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా అమ్మాయిని అడిగాను. "ఎందుకమ్మా?"

ఆమె ఇలా చెప్పింది: "ఫాదర్, హౌస్ సర్జన్సీలో పిల్లల వార్డులో డ్యూటీ పడింది. ఒక రాత్రి ఎనిమిది నెలల బాబును తీసుకొచ్చారు. తల్లికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. ఏమడిగినా తెలియదని ఏడుస్తోంది. మా మేడంగారు మమ్మల్నందరినీ మాట్లాడవద్దన్నారు. బాబు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ, ఒక నిమిషం పాటు వాడి ఊపిరి లెక్కపెట్టారు. నిమోనియా అని తేల్చి అప్పటికప్పుడు వైద్యం మొదలుపెట్టారు. బాబు బతికాడు. వాడు ఒక్క మాట చెప్పకుండానే ఆమె విన్నారు ఫాదర్. నాకు అది నేర్చుకోవాలని ఉంది."

నేనేమీ చెప్పలేకపోయాను. వచ్చే వారం రమ్మన్నాను. ఆ వారమంతా ఆలోచించింది, వారి అనుమతితో, పేర్లు లేకుండా, ఇక్కడ మీ ముందు పెడుతున్నాను. ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. చదువుకొనే బిడ్డలున్న ప్రతి ఇంటికీ ఏదో ఒక రోజున ఈ ప్రశ్న వస్తుంది.

గురువిద్యాలయంలో మాకు తత్త్వశాస్త్రం బోధించేటప్పుడు ఒక సంగతి పదేపదే చెప్పేవారు. "ఎందుకు" అనే ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. "ఏది నిన్ను తోసింది?" అన్నది ఒకటి. "దేనికోసం వెళుతున్నావు?" అన్నది రెండవది. ర్యాంకు, జీతం, డ్యూటీ గంటలు, అప్పు, ఇవన్నీ మొదటి ప్రశ్నకు జవాబులు. వాటిని తీసిపారేయకూడదు. కాని మనిషి జీవితమంతా నిలబెట్టేది రెండవదానికి ఇచ్చే జవాబే. ఆ అమ్మాయి ఇచ్చింది అదే.

మరి పిల్లల వైద్యం దేనికోసం? పెద్దవాళ్ళ వైద్యాన్ని చిన్నది చేస్తే పిల్లల వైద్యం కాదు. పెద్దవాడికి ఒక మాత్ర అయితే చిన్నవాడికి అరమాత్ర అన్న లెక్క అక్కడ చెల్లదు. మందు బిడ్డ బరువును బట్టి కొలవాలి. నెలల బిడ్డ జబ్బు వేరు, ఏడాది బిడ్డ జబ్బు వేరు. అన్నిటికంటె ముఖ్యం, ఆ రోగికి నోరు లేదు. "ఇక్కడ నొప్పి" అని చూపలేడు. "అడగందే అమ్మైనా పెట్టదు" అంటాం. అడగలేనివాడి గతి ఏమిటి? వాడి తరఫున ఎవరో ఒకరు కూర్చొని, చూసి, లెక్కపెట్టి, తెలుసుకోవాలి.

మీ ఇళ్ళలో కూడా ఇది ఉపయోగపడుతుంది గనుక చెబుతున్నాను. దగ్గు, జ్వరం ఉన్న బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు పూర్తి నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 గాని అంతకు మించి గాని, రెండు నెలలు నిండి ఏడాది లోపు బిడ్డకు 50 గాని మించి గాని, ఏడాది నుండి ఐదేళ్ళ లోపు బిడ్డకు 40 గాని మించి గాని ఉంటే అది ప్రమాద సూచన. బిడ్డ డొక్కలు ఎగరేస్తుంటే లెక్క కోసం కూడా ఆగవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇప్పుడు సువార్త తెరవండి. మార్కు 9వ అధ్యాయం. ప్రభువు కొండ దిగి వచ్చేసరికి కింద పెద్ద గుంపు. ఒక తండ్రి తన కుమారుని తీసుకొచ్చాడు. ఆ పిల్లవాడు మూగవాడు, నురగలు కక్కుతూ పడిపోతున్నాడు. శిష్యుల వల్ల కాలేదు. ధర్మశాస్త్ర బోధకులు చుట్టూ చేరి వాదించుకొంటున్నారు. పిల్లవాడు మధ్యలో ఉన్నాడు, వాడిని చూసేవాడు లేడు. ప్రభువు ఏం చేశారు? తండ్రిని ఒక ప్రశ్న అడిగారు. ఇది ఎంతకాలం నుండి అని. తండ్రి చిన్నతనం నుండి అని చెప్పి, నిప్పులో పడినదీ నీళ్ళలో పడినదీ అన్నీ చెప్పుకొన్నాడు. సర్వం తెలిసిన దేవుని కుమారునికి ఆ ప్రశ్న అవసరమా? ఆ తండ్రికి అవసరం. నేటికీ పిల్లల డాక్టరు గదిలో మొదట వినిపించే ప్రశ్న అదే కదా! ఆ తర్వాత ప్రభువు బిడ్డ చేయి పట్టుకొని లేపారు. యాయీరు కుమార్తెను బ్రతికించినప్పుడు కూడా అంతే. అక్కడున్నవారంతా విస్తుపోయి చూస్తుంటే, పన్నెండేళ్ళ ఆ పిల్లకు తినడానికి ఏదైనా పెట్టమని గుర్తుచేసింది ఆయనొక్కరే.

ఇక నా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ఈ పత్రికలో ఇంతకు ముందు ఎన్నడూ రాయలేదు.

1978 వేసవి. నాకు ఎనిమిదేళ్ళు. మా చెల్లెలికి ఏడాదిన్నర. వాంతులు, విరేచనాలు పట్టుకొన్నాయి. ఇంట్లో పెద్దవాళ్ళు ఒకే మాట అన్నారు. "నీళ్ళు తాగితే ఇంకా పోతాయి. నోరు కూడా తడపవద్దు." ఆ రోజుల్లో అందరూ నమ్మిన మాట అది. రెండవ రోజుకు కళ్ళు గుంటలు పడ్డాయి. ఏడిస్తే కన్నీళ్ళు రాలేదు. మూలన ఉన్న మంచినీళ్ళ కుండ వైపు చెల్లెలు చేయి చాచింది. మాటలు రాని బిడ్డ చెప్పగలిగిన మాట అదొక్కటే. మేమెవరమూ వినలేదు. మూడవ రోజు తెల్లవారుజామున పోయింది. మా అమ్మ చివరిదాకా ఆ కుండ మాట ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.

తర్వాత ఎన్నో ఏళ్ళకు గాని నాకు తెలియలేదు. మా చెల్లెలు చనిపోవడానికి ఏడేళ్ళ ముందే, 1971లో, పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో ఒక పిల్లల డాక్టరు దీనికి జవాబు చూపించాడు. ఆయన డాక్టర్ దిలీప్ మహలనబీస్. బంగ్లాదేశ్ యుద్ధంలో ప్రాణాలు అరచేత పట్టుకొని వచ్చిన జనంలో కలరా వ్యాపించింది. నరానికి ఎక్కించే సెలైను అయిపోయింది. అప్పుడాయన ఉప్పు, వంటసోడా, గ్లూకోజు తగిన పాళ్ళలో నీళ్ళలో కలిపించి, రోగుల తల్లుల చేత, బంధువుల చేత తాగించాడు. నూటికి 30 మంది దాకా చనిపోతున్న చోట మరణాలు నాలుగు కంటె తక్కువకు దిగాయి. ఈనాడు మనం ఓ.ఆర్.ఎస్. అంటున్నది అదే. ఆయన 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడాది దేశం ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చింది. మా ఇంట్లో మూలనున్న కుండలోని నీళ్ళకు చిటికెడు ఉప్పు, కాస్త పంచదార చాలునని చెప్పే మనిషి మా ఊరికి చేరకముందే మా చెల్లెలు వెళ్ళిపోయింది.

ఇలాంటి చావులే ఒక వైద్యురాలిని సముద్రం దాటించి మన గుంటూరుకు రప్పించాయి. డాక్టర్ మేరీ గ్లౌరీ 1887లో ఆస్ట్రేలియాలో పుట్టారు. 1910లో మెల్బోర్నులో వైద్యపట్టా పొంది, ఆ మహానగరంలో కంటి వైద్యురాలిగా పేరు తెచ్చుకొన్నారు. 1915లో ఆమె చేతికి ఒక చిన్న పుస్తకం వచ్చింది. స్కాట్లాండు వైద్యురాలు ఆగ్నెస్ మెక్‌లారెన్ గురించినది. భారతదేశంలో పసిబిడ్డలు ఎంతగా చనిపోతున్నారో, మగ డాక్టరు దగ్గరికి వెళ్ళలేని తల్లులు ఎలా కన్నుమూస్తున్నారో అందులో చదివారు. ఆ రోజుతో ఆమె దారి మారింది. ప్రసూతి, స్త్రీవైద్యం, కంటివైద్యాలలో 1919లో ఎం.డి. పూర్తి చేసి, 1920 ఫిబ్రవరిలో గుంటూరులో అడుగుపెట్టారు. జె.ఎం.జె. మఠంలో చేరి సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అయ్యారు. మఠకన్యలు వైద్యవృత్తి చేయడానికి అప్పటి శ్రీసభ నిబంధనలు ఒప్పుకొనేవి కావు. 15వ బెనెడిక్టు పోపుగారు ఆమెకు ప్రత్యేక అనుమతినిచ్చారు. ఆ నిషేధం అందరికీ తొలగింది 1936లో. ఒక చిన్న మందుల గదితో మొదలైన ఆ సేవ సెయింట్ జోసఫ్స్ ఆసుపత్రి అయ్యింది. 1943లో ఆమె స్థాపించిన కథోలిక ఆసుపత్రుల సంఘం దేశమంతటా వ్యాపించింది. 1957లో ఆమె బెంగుళూరులో పరమపదించారు. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

ఆమె చదివింది పిల్లల వైద్యం కాదు. అయినా ఆమెను కదిలించింది పసిబిడ్డల చావే. మెల్బోర్నులో ఆమెకు ఏం తక్కువైంది? ఆమె తల్లిదండ్రులు మాత్రం కన్నీళ్ళు లేకుండా సాగనంపి ఉంటారా? వారు ఆ రోజున పంపకపోతే మన గుంటూరు సీమలో ఎందరు తల్లులు ఒడి ఖాళీ చేసుకొని ఉండేవారో!

"పెళ్ళయితే ఎలా?" అన్న తల్లి ప్రశ్నకు శ్రీసభే ఒక పునీతురాలిని చూపిస్తోంది. ఇటలీకి చెందిన పునీత జియన్నా బెరెత్తా మొల్లా 1952లో మిలాను విశ్వవిద్యాలయంలో పిల్లల వైద్యంలోనే ప్రత్యేక విద్య పూర్తి చేశారు. బ్రెజిలులో వేదప్రచారం చేస్తున్న తన అన్న దగ్గరికి వెళ్ళి సేవ చేయాలనుకొన్నారు. ఆరోగ్యం సహకరించలేదు. అందుకని మెసేరో అనే చిన్న ఊరిలోని తన క్లినిక్కునే వేదప్రచార క్షేత్రం చేసుకొన్నారు. 1955లో ఒక ఇంజినీరును పెళ్ళాడారు. పిల్లలను కన్నారు. వైద్యం మానలేదు. నాలుగవ కాన్పు సమయంలో, గర్భంలోని బిడ్డ ప్రాణాన్నే ముందు కాపాడమని కోరి, ఆ బిడ్డ పుట్టిన వారానికి 1962 ఏప్రిల్ 28న మరణించారు. 2004లో రెండవ జాన్ పాల్ పోపుగారు ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. ఆ నాలుగవ బిడ్డ పెరిగి తానూ డాక్టరయ్యింది. ప్రతి పిల్లల డాక్టరూ ప్రాణమివ్వాలని నేననడం లేదు. సంసారానికీ ఈ వృత్తికీ పొత్తు కుదరదన్నది మాత్రం నిజం కాదు.

నోరులేని రోగి కోసం డాక్టరు ఒక్కొక్కసారి బయటికి వచ్చి గట్టిగా మాట్లాడవలసి వస్తుంది కూడా. మన హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ సంగతి మీలో కొందరు టీవీలో చూసే ఉంటారు. చక్కెర ఎక్కువగా ఉన్న తీపి పానీయాలను ఓ.ఆర్.ఎస్. పేరు తగిలించి అమ్మేవారు. విరేచనాల బిడ్డకు తల్లి ప్రేమతో కొని పట్టిస్తే జబ్బు ఇంకా పెరుగుతుంది. ఆమె ఏళ్ళ తరబడి దీనిపై పోరాడారు, హైకోర్టుకు కూడా వెళ్ళారు. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ, సరైన పాళ్ళు లేని పానీయాలకు ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఆ వార్త చదివిన రాత్రి నేను మా చెల్లెలి కోసం జపమాల చెప్పుకొన్నాను.

మన లంకల వారికి ఇది దూరపు మాట కాదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించి నీరు వచ్చినప్పుడు మన పరిస్థితి ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. వరద తీసిన తర్వాత నీళ్ళు కలుషితమైతే ముందు పడేది పసిబిడ్డలే. ఆశా కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఉచితంగా ఇస్తారు. ఇంట్లో రెండు పొట్లాలు ఎప్పుడూ ఉంచండి. ఆ సమయానికి దొరక్కపోతే, కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో టీ చెంచాతో తలకొట్టి ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలపండి. ఉప్పు అంతకు మించకూడదు. కొంచెం కొంచెంగా పట్టించండి. తల్లిపాలు ఆపవద్దు. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, మలంలో రక్తం పడినా ఆలస్యం చేయక డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

ఇప్పుడు ఆ తల్లిదండ్రుల భయానికి వద్దాం. ఈ వృత్తిలో కష్టం లేదని నేను చెప్పను. రాజుల రెండవ గ్రంథం 4వ అధ్యాయంలో షూనేము పట్టణపు స్త్రీ కథ ఉంది. పొలానికి వెళ్ళిన ఆమె కుమారుడు తలనొప్పి అని, మధ్యాహ్నానికి తల్లి ఒడిలోనే చనిపోయాడు. ఆమె వెళ్ళి ఎలీషా ప్రవక్త కాళ్ళు పట్టుకొంది. ప్రవక్త మొదట తన చేతికర్ర ఇచ్చి సేవకుడిని పంపాడు. ఫలితం లేకపోయింది. చివరకు తానే వెళ్ళి, తలుపు వేసుకొని, ప్రార్థించి, ఆ చిన్నవాడి నోటిపై నోరు, కళ్ళపై కళ్ళు, చేతులపై చేతులు ఉంచి వాడిమీద పడుకొన్నాడు. ఒకసారికి కాలేదు. లేచి ఇంట్లో అటూ ఇటూ తిరిగి మళ్ళీ అలాగే చేశాడు. అప్పుడు బిడ్డ కళ్ళు తెరిచాడు. పెద్ద ప్రవక్త ఒక పసివాడి కొలతకు తగ్గి ఒదిగాడు. దూరం నుండి కర్ర పంపితే జరిగే పని కాదది. ఆ రెండు ప్రయత్నాల మధ్య ఇంట్లో అటూ ఇటూ తిరిగిన ఎలీషా మనసులో ఏముందో పిల్లల వార్డులో రాత్రి డ్యూటీ చేసిన వాళ్ళకు తెలుస్తుంది.

అయితే ఆ కష్టంలో కొంత మనం పెట్టేది కూడా ఉంది. ప్రియ పాఠకులారా, మనస్సాక్షిని అడిగి చూసుకొందాం. టీకా వేయించవలసిన తేదీ మరచి, జ్వరం ముదిరాక అర్ధరాత్రి డాక్టరును నిందించినవారు మనలో లేరా? మూడు రోజులు నాటుమందు, మందుల షాపులో అడిగి తెచ్చిన సీసా పోసి, నాలుగవ రోజున ఆసుపత్రికి తీసుకెళ్ళి "మీరే చంపారు" అన్నవారు లేరా? బిడ్డ పోయిన తల్లి దుఃఖం ముందు ఎవరూ నోరెత్తలేరు. నేనూ ఎన్నో చిన్న పెట్టెలకు సమాధి ప్రార్థన చేశాను. కాని ఆ రాత్రి బిడ్డను బ్రతికించాలని చేతులు నొప్పిపుట్టేదాకా ప్రయత్నించిన డాక్టరు కూడా ఇంటికి వెళ్ళి అన్నం తినలేదన్న సంగతి గుర్తుంచుకోవాలి. చెయ్యెత్తడం మహాపాపం. వైద్యుని గౌరవించమని సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం చెబుతోంది. మనం ఆ గౌరవం ఇవ్వకపోతే, రేపు మన మనుమలకు జబ్బు చేసినప్పుడు పిల్లల డాక్టరు కోసం తెనాలి, గుంటూరు తిరిగినా దొరకని రోజు వస్తుంది. తప్పు ఆ డాక్టర్లది కాదు, "అది వద్దమ్మా" అని మన ఇంట్లోనే మనం చెప్పిన మాటది.

చివరిగా ఒక్క మాట. లత్తీను భాషలో పసిబిడ్డను 'ఇన్‌ఫాన్స్' అంటారు. మాటలాడలేనివాడు అని దాని అర్థం. లోకాలను తన మాటతో కలుగజేసిన దేవుని వాక్కు బెత్లెహేములో పుట్టినప్పుడు మాటలాడలేని పసివాడయ్యాడు. ఆకలైతే ఏడ్చాడు. చలి వేస్తే ఏడ్చాడు. ఎందుకేడుస్తున్నాడో మరియతల్లీ, జోజప్పగారూ చూసి తెలుసుకోవలసి వచ్చింది. అంటే నోరులేని బిడ్డ ఏడుపును విని అర్థం చేసుకొనే ప్రతి మనిషీ ఆ పశువులపాకలో నిలబడినవాడే.

వారం తర్వాత ఆ కుటుంబం మళ్ళీ వచ్చింది. మా చెల్లెలి సంగతి వాళ్ళకు చెప్పాను. తల్లి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా అత్తగారికీ ఇద్దరు అలాగే పోయారండీ" అంది. తండ్రి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. అప్పు గురించే అడిగాడు. అది న్యాయమైన ప్రశ్న. పిల్లల డాక్టరు కూడా గౌరవంగా బతకగలదని, అప్పు తీరడానికి కొంత ఎక్కువ కాలం పట్టవచ్చునని చెప్పాను. అంతకు మించి నా దగ్గర జవాబు లేదు. సీట్లు కేటాయించే రోజు దగ్గరలోనే ఉంది. నిర్ణయం ఆ బిడ్డది, ఆశీర్వాదం మాత్రం తల్లిదండ్రులదిగా ఉండాలని కోరాను.

మీరు కూడా ఈ వారం జపమాలలో ఒక పదిని ఆ కుటుంబం కోసం చెప్పండి. మీ ఇంట్లో ఒక బిడ్డ చిన్నవారికి సేవ చేస్తానని అంటే, వెంటనే వద్దనకండి. "ఎందుకు?" అని అడగండి. అడిగిన తర్వాత జవాబు పూర్తయ్యేదాకా వినండి.

చిన్నబిడ్డలను చేతుల్లోకి తీసుకొని దీవించిన క్రీస్తుప్రభువు మీ బిడ్డలందరినీ, వారికి వైద్యం చేసే చేతులనూ దీవించునుగాక. ఆమెన్.